పైమూత పక్కన నల్లమచ్చ

పోయిన నెలలో మా పాత బండికి రంగు వేయించడానికి శ్రీకాకుళంలో ఒక షెడ్డుకి తీసుకెళ్ళాను. పెయింటరు లోపలికి దూరి పైకి చూశాడు.

"తాతా, ఈ పైమూత పక్కన రూపాయి బిళ్ళంత నల్లమచ్చ ఉన్నాది. గీకీసి లప్పం పెట్టీమంటావేటి?"

"దాని జోలికెళ్ళకు."

"కాలిన మచ్చ తాతా! బండంతా కొత్తగా మెరుస్తాది, ఇదొక్కటీ దిష్టిసుక్కలాగ ఉండిపోతాది."

"దాని మీద చెయ్యి వేశావంటే బండి వెనక్కి తిప్పుకుని పోతాను."

ముసలాడికి బుర్ర పాడయిందనుకున్నాడు. అనుకోనీ. ఆ మచ్చ పెట్టిన మనిషి పోయిందని నాకు తెలిసి అప్పటికి ఎనిమిది రోజులు. నౌపడ వైపు నుంచి మా టెక్కలి సంతకి చేపలు తెచ్చే ఒకామె చెప్పింది. "అప్ప ఎల్పోయినాది బావా. పొద్దున్న లేపితే లెగలేదు. సుట్ట సెవి మీదే ఉన్నాది, ఎలిగించనుకూడా లేదు."

మా వైపు అక్కని అప్ప అంటాం. ఊరందరికీ ఆమె అప్పే. పేరు నాకు తెలుసు గానీ ఎవరూ పిలవని పేరు ఇక్కడ రాసి లాభం లేదు.

మనిషి పొట్టి. నెత్తిన ఎండుచేపల గంప ఉంటే ఇంకా పొట్టిగా కనిపించేది. "నెత్తల్లో... రొయ్యపప్పో..." అని ఆమె కేక వీధి మొదట్లో వేస్తే వీధి చివర పిల్లులు లేచేవి. పాతకాలం చేపలమ్మే ఆడవాళ్ళు చాలామందిలాగే ఆమె చుట్ట తిప్పి పెట్టుకునేది. నిప్పున్న కొస నోటి లోపలికి, ఆరిన కొస బయటికి. అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోకుండా మా వాళ్ళు కనిపెట్టిన ఉపాయమట. నోట్లో నిప్పు పెట్టుకునే బేరమాడేది, తిట్టేది, నవ్వేది. ఒక్కనాడూ నాలిక కాల్చుకోగా నేను చూడలేదు. నోరు పాడవుతుందని ఆసుపత్రిలో చెప్పారు. "ఇన్నేల్లూ ఏటయ్యింది?" అని డాక్టర్నే అడిగొచ్చింది. అది మంచి అలవాటని నేనననుగానీ, ఆ చుట్టే లేకపోతే నేనీ ముక్కలు రాసేవాణ్ణి కాదు.

ఎవరింటికెళ్ళినా ఆమె ముందు గాలిని చూసేది, తరువాత మనుషుల్ని. గంప దించి, ఒక్క బుక్క పొగ వదిలి, అది ఎటు పోతోందో చూసి, అప్పుడు కూర్చునేది. పొగ ఎటూ పోలేదా, ఇంటివాళ్ళకి మూడినట్టే. మా పక్కింటాయన కిటికీ దగ్గర ధాన్యం బస్తాలు పేర్చుకుంటే, "ఒరే బాబూ, ఇంటికి ముక్కు మూసీసినావేటిరా?" అని ఆయన చేతే నాలుగు బస్తాలు పక్కకి తీయించింది. ఒకసారి పెళ్ళి పందిట్లో జనం చెమటలు కక్కుతూ విసురుకుంటున్నారు. అప్ప చేపల బాకీ కోసం కాదు, ఊరికే అటు పోతూ ఆగింది. వెనకాలకెళ్ళి పందిరి గుడ్డ కట్టిన తాళ్ళు రెండు పీకేసింది. పెళ్ళికూతురి తండ్రి పరుగెత్తుకొచ్చాడు.

"ఏటి సేస్తన్నావే ముసిల్దానా?"

"ముందు తెరిసి ఎనక మూసినావు. వచ్చిన గాలి ఎటు పోతాదిరా? పెల్లికొచ్చినోల్లని ఉడకబెట్టి పెడతావేటి?"

పందిట్లోకి గాలి రావడం నేను కళ్ళారా చూశాను. తాళ్ళు మళ్ళీ ఎవరూ కట్టలేదు.

మా ఇంటికి ప్రతి శుక్రవారం వచ్చేది. మా ఆవిడ ఆమెను గేటు దాటనిచ్చేది కాదు. మా ఆవిడ సండే స్కూలు పంతులమ్మ, పైగా ఆయాసం మనిషి. చుట్ట అంటే రెండు విధాలా పడదు.

"చేపలిక్కడ పెట్టు. నువ్వు బైటికెళ్ళి కాల్చుకో."

"నిప్పు నా నోట్లో ఉన్నాది గదే మరదలా, నీకేటి బాధ?"

"పొగ నీ నోట్లో ఉండట్లేదు కదా. బైటికెళ్ళి కాల్చుకో."

ఇది వారం వారం జరిగేది. ఇద్దరూ ఒక్క మాటా మార్చేవారు కాదు.

ఇక బండి సంగతి. అది మిషన్ డాక్టరు దొర ఒకాయన ఓడలో తెప్పించుకున్న వ్యాను. లోపల రెండు మంచాలు, స్టవ్వు, చేతులు కడుక్కునే తొట్టి, ఒక అలమర, నడినెత్తిన ఎత్తి దించే మూత. దొర ఊళ్ళమ్మట తిరిగి వైద్యం చేస్తూ అందులోనే పడుకునేవాడు. నేను డ్రైవర్ని. దొర వెళ్ళిపోయాక బండి ఏళ్ళ తరబడి రేకుల షెడ్డులో పడి ఉంది. నేను ఉద్యోగం నుంచి దిగిపోయేటప్పుడు మిషన్ వాళ్ళు, "నువ్వు తప్ప దీన్ని ఎవరూ కదపలేరు, తీసుకుపో" అన్నారు.

తీసుకొచ్చి ప్రాణం పెట్టి బాగుచేశాను. ఎలుక దూరే కన్నం, దుమ్ము దూరే సందు, నీరు దూరే చీలిక, ఏదీ వదల్లేదు. అలమర అడుగున అరచెయ్యంత పొడుగున మూడు చీలికలుంటే, ఎవరో పనికిమాలినవాడు కోసి వదిలేశాడనుకుని రేకు పెట్టి రివిట్లు కొట్టి తారు పూశాను. పైమూత వానకి కారేది. టార్పాలిన్ కప్పి తాడుతో బిగించాను. అలమర తలుపు లోపల ఇంగ్లీషు కాగితం ఒకటి అతికించి ఉండేది. నాకొచ్చిన అక్షరాలు యాభై దాటాక మా ఆవిడ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పినవి, అవీ తెలుగువే. కాగితం పాతబడిందని చింపి పారేశాను. చీమ కూడా దూరదని వచ్చినవాళ్ళకల్లా చూపించుకున్నాను.

ఇదంతా ఎవరి కోసమంటే మా ఆవిడ కోసం. ఆమె అక్క పాతపట్నం దాటాక కొండల వైపు పల్లెలో ఉంటుంది. అక్కడి చర్చిలో ఏటేటా కోతల పండగ మూడు రోజులు జరుగుతుంది. చిన్నప్పటి నుంచి ఆ పండగలో అక్కచెల్లెళ్ళిద్దరూ కలిసి ఒక పాట పాడతారు. అక్కది కింది గొంతు, మా ఆవిడది పై గొంతు. ఒక ఏడాది అక్క ఇంట్లో పొయ్యి పొగ, కళ్ళంలో ధాన్యం దుమ్ము కలిసి మా ఆవిడకి ఊపిరాడక పండగ మధ్యలో ఆసుపత్రికి మోసుకెళ్ళాం. ఆ తరువాత మూడేళ్ళు వెళ్ళలేదు. రాష్ట్రం రెండు ముక్కలైన మరుసటేడు అక్క ఫోను చేసింది.

"ఈ ఏడు కూడా నువ్వు రాకపోతే నీ వంతు మా కోడలికిచ్చీస్తానే. సగం పాట పాడి నాను ఎన్నేల్లు నిలబడతాను?"

ఆ రోజు మా ఆవిడ కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది. నేను ఊరుకోలేక అన్నాను, "ఒసే, మన బండి ఉన్నాది కదా. చర్చి ఆవరణలో పెట్టుకుందాం. పొయ్యి ఉండదు, ధాన్యం ఉండదు. నీ గది నీతోపాటే వస్తాది." ఆమె ముఖం వెలగడం చాలా కాలానికి చూశాను. పండగ ఇంకా పది రోజులుంది. ముందు మన పెరట్లోనే ఒక రాత్రి పడుకుని చూద్దామంది.

తెల్లారేసరికి అద్దాల మీద నీళ్ళు ధారలు కడుతున్నాయి. దుప్పట్లు చెమ్మ. మా ఆవిడ బండి గుమ్మంలో కూర్చుని పిల్లికూతలతో ఊపిరి లాగుతోంది. మందు పీల్చి, కాస్త తెరిపిన పడ్డాక నా వైపు చూసింది.

"శవప్పెట్టె చేశావు బావా. మూతొక్కటే తక్కువ అనుకుంటే అదీ బిగించావు."

"మంచు కాలం కదే..."

"వద్దు. అక్కకి ఫోను చేస్తాను. కోడలికిచ్చీమంటాను."

సరిగ్గా అప్పుడే, "నెత్తల్లో... రొయ్యపప్పో..."

ఆ రోజు శుక్రవారం. అప్ప గేటు దగ్గర ఆగి, నా ముఖం చూడలేదు, మా ఆవిడ ముఖం చూడలేదు. బండి అద్దాలు చూసింది. గంప దించి, ఎవరూ రమ్మనకుండానే లోపలికొచ్చి, అద్దం మీద వేలితో గీసి ఆ తడి నాకు చూపించింది.

"ఇదేటో తెలుసేటి?"

"మంచు."

"మంచు బైటుంటాది గానీ లోపలెందుకుంటాదిరా? ఇది నీ పెల్లాం ఊపిరి. ఎల్లడానికి దారి లేక గోడ పట్టుకుని ఏలాడతన్నాది. ఎండుసేపలు పాకలో పోసి తలుపు మూసీసి సూడు, మూడో నాటికి ఇలాగే సెమట పడతాయి, నాలుగో నాటికి పురుగు పడతాయి. కింద ఓ కన్నం, పైన ఓ కన్నం పెట్టు, వానాకాలంలో కూడా గలగలలాడతాయి."

"నా పెళ్ళాం ఎండుచేపేటి అప్పా?"

"ఎండుసేపని సూసుకున్నంత కూడా సూసుకోలేదు నువ్వు."

మా ఆవిడ అంత ఆయాసంలోనూ నవ్వింది. అప్ప బండి గుమ్మం మీద కాలు పెట్టింది. నవ్వు ఆగిపోయింది.

"చుట్టతో లోపలికెళ్ళకు! ఇప్పుడే ప్రాణం నిలబడింది నాకు."

"గాలి నీ కంటికి ఆనతాదేటే? పొగయితే ఆనతాది. నువ్వు ఆ జాంసెట్టు కింద కూకో. నాను సెప్పీదాకా రాకు."

మా ఆవిడ తిట్టుకుంటూ జామచెట్టు కిందికి పోయింది. అప్ప లోపలికొచ్చి నన్ను తలుపు వేయమంది. నోట్లోంచి చుట్ట తీసి, తిప్పి, నిప్పు బయటికి పెట్టి అందరు మగవాళ్ళలాగ పీల్చింది. ముఖం వేపాకు నమిలినట్టు పెట్టింది. "థూ, దీనికి రుసీ పసా లేదు. నీ పెల్లాం కోసం పడతన్నాను." పొగ వదిలింది.

పొగ బండి మధ్యలో నిలబడిపోయింది. పక్కకి పోలేదు, పైకి పోలేదు. మా ఇద్దరి మధ్యా మూడో మనిషిలాగ ఉండిపోయింది.

"సూసినావా? దీనికి రాడానికి గుమ్మం లేదు, పోడానికి గుమ్మం లేదు. ఎక్కడెక్కడ మూసినావో సెప్పు."

"ఎలుకలొస్తాయని..."

"సెప్పమన్నాను గానీ సంజాయిషీ అడగలేదు."

పైకెక్కి టార్పాలిన్ తాళ్ళు విప్పి మూత ఎత్తాను. కింద అలమర దగ్గర ఉలి పెట్టి రివిట్లు లేపి రేకు ఊడదీశాను. అప్ప నేల మీద కూర్చుని ఆ చీలికల దగ్గర చుట్ట పట్టుకుంది. పొగ వంగింది. చూస్తుండగానే నేల మీద పాకి, మంచం అంచు పట్టుకుని, పైకి లేచి, మూత వైపు నడిచింది. అప్ప చంటిపిల్ల నడక చూసినట్టు వెనకాలే లేచింది. "ఎల్లు, ఎల్లు నా తల్లీ" అంటూ మంచం మీదెక్కి, చెయ్యి చాచి చుట్టని మూత దాకా తీసుకుపోయింది. ఆ సంబరంలో నిప్పు పై రేకుకి ఆనింది. రంగు చుర్రుమంది. అదీ ఆ మచ్చ.

ఎలుకలు రాకుండా ఆ చీలికలకి సన్న జాలీ కొట్టాను. దొర అన్నేళ్ళు పడుకున్న బండికి అవి దొర కోయించుకున్న చీలికలేనని, నేను చింపిన కాగితంలో బహుశా అదే ఉండేదని అప్పుడు తట్టింది. పనికిమాలినవాడు ఎవడో కూడా తెలిసింది.

చెట్టు కింది నుంచి మా ఆవిడ అరిచింది. "అయ్యిందేటి? ఆ కంపు పోవాలంటే వారం పడతాది. నేనింక ఆ బండెక్కను."

అప్ప గుమ్మంలోకొచ్చి నిలబడింది. చుట్ట మళ్ళీ తిప్పి నిప్పు నోట్లో పెట్టుకుంది. "వారమేటే? కింద తెరిసి, పైన తెరిసి ఒగ్గీ. మజ్జాన్నానికి ఎల్లి ఆసన సూడు. నా సుట్ట కంపు ఉన్నాదనుకో, నీ అక్కకి ఫోను సేసీ, పాట కోడలికిచ్చీమను. లేదనుకో, పండక్కెల్లు."

ఆ మాట నాకు నచ్చలేదు. చుట్ట కంపు మా ఆవిడ ముక్కుకి రెండు వీధుల అవతలి నుంచే తగులుతుంది. పాటంతా ఒక్క ముక్కు మీద పెట్టేసింది ఈ ముసల్ది అనుకున్నాను. అయినా బండి తిప్పి, చీలికలున్న పక్క గాలికి ఎదురుగా పెట్టాను. అదీ ఆమె చెప్పిందే. అప్ప ఊరంతా చేపలమ్ముకుని మధ్యాహ్నానికి తిరిగొచ్చి, బండి గుమ్మం మీద ఖాళీ గంప పెట్టుకుని కూర్చుంది.

మా ఆవిడ వచ్చింది. గంప దాటి లోపలికెళ్ళింది. తలుపు వేసుకుంది. నేను బయట నిలబడ్డాను. అప్ప కూడా ఆ కాసేపూ చుట్ట పీల్చలేదు. చాలాసేపయింది. ఒకసారి మంచం కిర్రుమంది. తలుపు తెరుచుకుంది.

"చేపల కంపు ఉన్నాది," అంది మా ఆవిడ.

"అది గుమ్మం మీద నా గంపదే మొద్దూ! సుట్ట?"

ఓడిపోయినట్టు ఒప్పుకోవడం మా ఆవిడకి రాదు. "లేదు," అంది చివరికి. ఆ తరువాత లోపలే నిలబడి, మెల్లగా, పాటలో తన వంతు మొదటి చరణం అందుకుంది. మూడేళ్ళుగా మా ఇంట్లో వినపడని గొంతు. అప్ప వింటూ, "ఊపిరున్నాదిలే," అంది నాతో.

ఇంకొకటి మిగిలింది. మర్నాడు బండి కదిలితే మా ఆవిడకి డీజిల్ పొగ తగిలింది. నేనేమో గాలి బాగా రావాలని వెనక అద్దం తెరిచి ఉంచాను. అప్పని వెనక కూర్చోబెట్టుకుని నౌపడ ఉప్పుమళ్ళ పక్క రోడ్డు మీద నడిపి చూపించాను. బండి ముందుకి పోతుంటే పొగ వెనక్కి పోవాలి, ఇది ఎవరికైనా తెలిసిన సంగతేనని పందెం కూడా కాశాను. పావు మైలు పోలేదు, వెనక నుంచి కేక.

"ఒరే డ్రైవరూ! నా పొగ నీ కాడికే వస్తన్నాదిరా!"

నిజంగానే వచ్చింది. నా చెవి పక్క నుంచి ముందుకి పోయింది. నలభై ఏళ్ళు బండి తోలినవాణ్ణి, నాకు తెలియలేదు. బండి వెనక ఖాళీలోకి గాలి తిరిగి చొరబడుతుంది, దాంతోపాటే గొట్టం పొగా వస్తుంది. వెనక అద్దం మూయించింది. ముందు చిన్న అద్దాలు కొంచెం తీయించింది. పైమూత వెనక్కి చూసేటట్టు ఎత్తి ఉంచమంది. పొగ బుద్ధిగా పైకి పోయింది. పందెం కింద ఆమె అడిగింది ఒక్కటే. ఉప్పుమళ్ళ మీద ఇంకోసారి తిప్పమంది. తిప్పాను. పక్క అద్దం తీసి తల బయట పెట్టి, ఉప్పు రాసులు లెక్కపెడుతున్నట్టు వేలు చూపిస్తూ, నోట్లో నిప్పుతో నవ్వుతూ కూర్చుంది. నడిచి తిరిగిన దారే అది ఆమెకి, రోజూ.

పండక్కి వెళ్ళాం. మూడు పొద్దులూ అద్దాలు పొడిగా ఉన్నాయి. అక్కచెల్లెళ్ళిద్దరూ నిలబడి పాడితే అక్క కోడలు ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా ఏడ్చింది. తన నెత్తిన ఆ పాట పడనందుకని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

తిరిగొచ్చేటప్పుడు పాతపట్నం బజార్లో మా ఆవిడ బండి ఆపమంది. దిగి వెళ్ళి, పాటల పుస్తకం పెట్టుకునే సంచీలో ఏదో కుక్కుకుని వచ్చింది. ఏటని అడిగితే బండి పోనీమంది. శుక్రవారం గేటు దగ్గర ఆ సంచీలోంచి చుట్టల కట్ట ఒకటి తీసింది.

"ఇదిగో వదినా."

వదినా అనడం అదే మొదలు. అప్ప కట్ట ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇదేం ఆకే? నీకు సుట్టలు కొనడం కూడా రాదు," అంది. అంటూనే ఒకటి తీసి చెవి మీద పెట్టుకుంది, ఒకటి వెలిగించింది. మా ఆవిడ వెంటనే గేటు చూపించింది.

"బైటికెళ్ళి కాల్చుకో."

ఆ తరువాత నాలుగేళ్ళూ కోతల పండగకి ముందు శుక్రవారం అప్ప బండెక్కి గాలి చూసి పోయేది. మా ఆవిడ ఏటా ఒక కట్ట తెచ్చేది, అప్ప ఏటా వంక పెట్టేది. కిందటేడు అందులోంచి ఒక చుట్ట తీసి మా ఆవిడ చేతిలో పెట్టింది. "దాసి ఉంచు. ఇంటికి తీసుకెల్తే కాల్సీస్తాను. పైయేడు బండి గాలి సూడ్డానికి ఉంటాది." మా ఆవిడ సండే స్కూలు సుద్దముక్కల డబ్బాలో దాచింది.

మొన్న శుక్రవారం రంగు వేసిన బండి పెరట్లోకి వచ్చింది. లోపలంతా తెల్లగా, మచ్చ మచ్చలాగే ఉంది. రబ్బర్లు కొత్తవి, జాలీ కొత్తది. పాత గాలి అలాగే నడుస్తుందో లేదో తెలియదు. వీధిలో కేక లేదు. మా ఆవిడ కాసేపు గేటు వైపు చూసి, లోపలికెళ్ళి డబ్బా తెచ్చింది. సుద్ద పట్టి తెల్లబడిన చుట్ట.

"నువ్వు వెలిగించు బావా. నేను బైటుంటాను."

ఈ వయసులో మొదటి చుట్ట. నిప్పు బయటికే పెట్టుకున్నాను, అడ్డపొగకి నాకు ధైర్యం లేదు. ఒక్క బుక్కకే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. దగ్గుతూ చీలికల దగ్గర పట్టుకున్నాను. పొగ వంగింది. నేల పట్టుకుని పాకింది, మంచం ఎక్కింది, లేచింది. నల్లమచ్చ పక్క నుంచి మూత దాటింది.

అద్దంలోంచి చూస్తే మా ఆవిడ జామచెట్టు కింద లేదు. బండి పక్కనే స్టూలు వేసుకుని నిలబడి పైమూత వైపు చూస్తోంది, ముక్కుకి పైట అడ్డం పెట్టుకుని. పొగ బయటికి రాగానే ఆమె గొంతు వినిపించింది. అది నాతో అన్న మాట కాదు.

"ఆఁ, అలాగ. బైటికెళ్ళి కాల్చుకో వదినా."